పెళ్ళి పత్రం – భార్య హక్కు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి మాట్లాడమన్నారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కాగితాల గురించే మాట్లాడగలను.

1994లో మన ఫోరస్ రోడ్డు చాల్‌ నుంచి ఒక ఆవిడ నా కౌంటర్‌కు వచ్చింది. భర్త పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఊళ్ళో ముసలి అత్త. భర్త పెళ్ళికి ముందు ఖాతా తెరిచి తమ్ముణ్ణి నామినీగా రాశాడు, తరువాత మార్చలేదు. పెళ్ళికి రుజువు ఏమిటని మేనేజరు అడిగాడు. ఆమె శుభలేఖ తెచ్చింది. అది తెలుగులో ఉంది. ఆ బ్రాంచిలో దాన్ని చదవగలిగింది నేనొక్కణ్ణే. చదివి చెప్పాను, కాని నామినేషన్ ముందు నా మాట చెల్లలేదు. డబ్బు మరిదికే వెళ్ళింది.

నామినీ అంటే యజమాని కాడు. బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పే పేరు మాత్రమే. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేనప్పుడు భార్య, పిల్లలు, తల్లి సమాన వారసులు. అంటే ఆ ఇంట్లో నలుగురికీ తలా పావలా వంతు, తమ్ముడికి ఏమీ లేదు. కోర్టుకు వెళ్ళే స్తోమత ఆమెకు లేదు. వాడ పెద్దలు కూర్చుని సగం ఇప్పించారు. అదే న్యాయమనుకొని అందరూ లేచి వెళ్ళారు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

మనవాళ్ళు ఊరికి పోయి పెళ్ళి చేసుకొని, ముంబైలో కాపురం పెడతారు. రిజిస్ట్రేషన్ రెండు చోట్లా జరగదు. మహారాష్ట్రలో 1998 చట్టం ఉంది, పెళ్ళైన 90 రోజుల్లో నమోదు చేసుకోమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కూడా పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. నమోదు కాలేదని పెళ్ళి చెల్లకుండా పోదు. అలాగే మన ఆచారం ప్రకారం పెళ్ళి జరగకుండా ఉత్త సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది పెళ్ళి కాదని 2024లో అదే కోర్టు చెప్పింది. తాళీ కావాలి, కాగితమూ కావాలి.

గది సంగతి ఇంకా ముఖ్యం. భాడా రసీదు భర్త పేరున ఉంటుంది. 1999 మహారాష్ట్ర అద్దె చట్టం ప్రకారం అద్దెదారు చనిపోతే, అప్పటికి అతనితో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకు ఆ అద్దె హక్కు వస్తుంది. కలిసి ఉన్నామని చూపడానికి రేషన్ కార్డు, ఓటరు కార్డు, పెళ్ళి పత్రం పనికొస్తాయి. కామాఠీపురా పునర్నిర్మాణం మాట నడుస్తున్న ఈ రోజుల్లో అమ్మల పేర్లు ఏ కాగితంలో ఉన్నాయో చూడండి.

పిల్లలూ, ఇవాళ ఇంటికి వెళ్ళి నాన్నగారి పాస్‌బుక్ తీసి నామినీ పేరు చదవండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు, కాబట్టి తమ్ముడి పేరు కొట్టేయడానికి మొహమాటమైతే అమ్మ పేరు కూడా చేర్చమనండి. ఫారం నింపడం రాకపోతే ఆదివారం పొద్దున నేను ఈ హాల్లోనే ఉంటాను. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు తెచ్చుకోండి. నాన్నగారిని కూడా వెంటబెట్టుకు రండి, సంతకం ఆయనదే కావాలి.