మిగిలిన మాత్రలు – మన హక్కు, మన బాధ్యత

 

రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకారవేతనాల గురించి మనం తరచుగా చర్చించుకుంటాము. నేడు మన ఇంటి అల్మారాలో మిగిలి ఉన్న నాలుగు యాంటీబయాటిక్ మాత్రల గురించి ఆలోచిద్దాము.

జలుబు చేసినా, గొంతు నొప్పి పెట్టినా మెడికల్ షాపుకు వెళ్లి 'పవర్ ఉన్న గోలీ ఇవ్వండి' అని అడగడం మనకు అలవాటైపోయింది. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వాటిపై పనిచేయదు. కొద్ది రోజుల్లో తనంతట తాను తగ్గే జలుబును మాత్రలే తగ్గించాయని మనం నమ్ముతాము. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 12 దేశాలలో ప్రజల అభిప్రాయాలు సేకరించింది. జలుబు, ఫ్లూలకు యాంటీబయాటిక్ పనిచేస్తుందని మన దేశంలో 75 శాతం మంది చెప్పారు. మందుకు అలవాటు పడేది మన శరీరమేనని మొత్తం మీద 76 శాతం మంది భావించారు. వాస్తవానికి మందును తట్టుకోవడం నేర్చుకునేది బ్యాక్టీరియా. మందుకు లొంగనివి బతికి, పెరిగి, ఇతరులకు వ్యాపిస్తాయి. కనుక ఒక ఇంటి అజాగ్రత్తకు ఎన్నడూ ఆ మాత్ర మింగని పొరుగింటి పసిబిడ్డ మూల్యం చెల్లించవచ్చు.

చట్టం లేకపోలేదు. కొన్ని బలమైన యాంటీబయాటిక్స్‌ను, టీబీ మందులను 2014 నుండి షెడ్యూల్ హెచ్1 కింద ఉంచారు. వాటిని డాక్టరు చీటీ మీదనే అమ్మాలి, వివరాలను రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. చీటీ లేనిదే వాడరాదని తెలిపే ఎర్రగీత గురించి 2016లో ప్రభుత్వం ప్రచారం చేపట్టింది. కానీ కత్తెరతో కోసి ఇచ్చిన ముక్కపై మందు పేరు, గడువు, ఎర్రగీత అన్నీ మిగులుతాయా?

అయితే తప్పంతా పేదవానిదే అనడం న్యాయం కాదు. ఆటో నడిపే సోదరుడు, ఇంట్లో గాజులకు రాళ్లు అద్దే సోదరి ఒక రోజు సంపాదన వదులుకొని ఆసుపత్రి వరుసలో నిలబడలేరు. డాక్టరును అందుబాటులో ఉంచకుండా 'డాక్టరును అడగండి' అనడం ఉపదేశమే అవుతుంది. బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు సాయంత్రం కూడా పనిచేయాలని, మహిళా డాక్టరు ఉండాలని, ఉర్దూలోనూ సూచనలు రాయాలని మనం కోరాలి. ఇది మన హక్కు.

మన బాధ్యత కూడా ఉంది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనవద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలినవి ఇంకొకరికి ఇవ్వవద్దు. 'ఈ మందు నిజంగా అవసరమా?' అని డాక్టరును అడగడానికి సంకోచించవద్దు. ప్రతి ఏటా నవంబరు 18 నుండి 24 వరకు ఈ విషయమై ప్రపంచవ్యాప్తంగా అవగాహన వారం జరుగుతుంది. ఆ వారంలో వచ్చే జుమా నమాజు తరువాత ఐదు నిమిషాలు ఈ మాట చెప్పించవలసిందిగా మస్జిద్ కమిటీలను కోరుతున్నాము.

ఆరోగ్యం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. పనిచేసే మందు కూడా రాబోయే తరం కోసం మన చేతిలో ఉన్న అమానతే. దానిని కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.