యొప్పేలో ఒక వైద్యుని సమాధి



యొప్పే అనగానే మనకు పేతురు, దొర్కా జ్ఞాపకం వస్తారు. విధవరాండ్రకు వస్త్రములు కుట్టిపెట్టిన ఆ పుణ్యాత్మురాలి ఊరది. నేడు జాఫా అని పిలువబడే ఆ పట్టణంలోనే డాక్టర్ థామస్ హాడ్జ్‌కిన్ అనే ఆంగ్ల వైద్యుని సమాధి ఉన్నది. ఈ శతజయంతి సందర్భాన ఆయననుగూర్చి, ఆయన స్నేహితుడు సర్ మోజెస్ మాంటిఫియోరీనిగూర్చి నాలుగు మాటలు చెప్పుకొందాము.

హాడ్జ్‌కిన్ క్వేకరు సంఘస్థుడు. గ్రంథులు వాచే ఒక వ్యాధిని 1832లో వివరించాడు. నేటికీ అది ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. లండనులోని గైస్ ఆసుపత్రిలో ఆశించిన పదవి 1837లో ఆయనకు దక్కలేదు. ఆ యేడే, వలసరాజ్యాలలో నలిగిపోతున్న ఆదివాసుల రక్షణకు ఒక సంఘం స్థాపించుటలో ముందు నిలిచాడు. మాంటిఫియోరీ యూదుడు. లండనులో ధనం గడించి, కష్టంలో ఉన్న తన జనులకొరకు దేశదేశాలు తిరిగినవాడు.

1863లో మొరాకోలోని సాఫీ పట్టణంలో ఒక స్పెయిన్ ఉద్యోగి చనిపోగా, నేరం యూదులపై మోపారు. చిత్రహింసలు పెట్టారు. ఇద్దరికి మరణశిక్ష అమలైంది. 79 ఏండ్ల మాంటిఫియోరీ బయలుదేరాడు. హాడ్జ్‌కిన్ వైద్యుడుగా వెంట వెళ్లాడు. మొగడోరు రేవునుండి మర్రాకేషుకు భూమార్గాన ప్రయాణం. 1864 ఫిబ్రవరిలో సుల్తాను, యూదులకు న్యాయం జరగవలెనని ఫర్మానా ఇచ్చాడు. స్థానిక అధికారులందరూ దానిని పాటించలేదు. అయినను, అన్యాయం జరిగినప్పుడు చూపి అడుగుటకు ఒక రాజాజ్ఞ దొరికింది.

1865లో పాలస్తీనాను మిడతలు, కలరా పీడించాయి. 1866లో స్నేహితులిద్దరు అక్కడికి వెళ్లారు. యొప్పేలో హాడ్జ్‌కిన్‌కు జిగట విరేచనాలు పట్టుకొన్నవి. యెరూషలేములో అక్కరగలవారు ఎదురుచూస్తున్నందున మాంటిఫియోరీ ముందుకు సాగవలసి వచ్చింది. ఏప్రిల్‌లో ఆ వైద్యుడు యొప్పేలోనే కన్నుమూశాడు. క్రైస్తవ స్నేహితుని సమాధిపై రాతిస్తంభం నిలిపించినది ఆ యూదుడే.

విశ్వాసం వేరని వారిలో ఎవరూ వెనుదీయలేదు. హాడ్జ్‌కిన్ తనది కాని జనంకొరకు ప్రాణం పెట్టాడు. మన సంఘంలో ఒకరికి జబ్బుచేస్తే మనం పరుగెత్తుకొని వెళ్తాము. మంచిదే. మన మందిరానికి ఎన్నడూ రాని ఇంట్లో రోగి మూలుగుతుంటే, ఆ గడప కూడ మనం తొక్కుతున్నామా? రాబోవు నూరేండ్లకు మనం వేసుకోవలసిన ప్రశ్న ఇదే.