విశ్రాంత జీవనమునకు పడవ యిల్లు – ధనము సమకూర్చుకొను విధము
(విశ్రాంతోద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉద్యోగము విరమించిన పిదప ఒక పడవను కొని, దానినే యిల్లుగా జేసికొని నీటిపై కాపురముండవలెనని మనలో కొందరికి ఉబలాటము గలదు. కేరళమున అలప్పుళ వద్ద పడవ యిండ్లను, కోనసీమలో దిండి వద్ద గోదావరి పాయను చూచి వచ్చినవారు “ఇట్టిది మనము కొనలేమా? బ్యాంకువారు అప్పీయరా?” అని అడుగుచున్నారు. జీవితమంతయు కచేరీలో కాగితముల నడుమ గడపినవానికి ఇట్టి కోరిక కలుగుట సహజమే. దానిని పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని పడుచుతనమున చేయు అప్పు వేరు, ముదిమిలో చేయు అప్పు వేరు. ఆ భేదమునే నేడు విచారింతము.

మొదట నీటి సంగతి. మన సీమకు పడవ క్రొత్త కాదు. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు దోమింగో పేస్, జనులు ఆనెగొందికి బుట్టలవంటి గుండ్రని పడవలలో దాటుచుండిరనియు, తోలు కప్పిన ఆ పడవలు పదునైదు ఇరువదిమందిని మోయుచుండెననియు వ్రాసినాడు. అవియే మన హరిగోళ్ళు. అయితే అవి ఏరు దాటుటకే గాని కాపురమునకు గాదు. 2021లో విజయనగర జిల్లా వేరుపడినందున హొసపేట నేడు మన జిల్లాలో లేకపోయినను, మనకు పెద్ద నీరనగా తుంగభద్ర జలాశయమే. అది వానకారున నిండును. వేసవికి వెనుకకు పోవును. నిండినపుడు ఒడ్డున కట్టిన పడవ వేసవిలో బురదపై కూర్చుండును. మొదట 132 టీఎంసీలు పట్టిన ఆ జలాశయము పూడిక వలన నేడు సుమారు 105 టీఎంసీలే పట్టుచున్నది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోగా, నిండిన నీటిని దినములకొలది నదిలోనికి వదలవలసి వచ్చినది. పైగా ఆ నీరు ఎవరి సొంతమును కాదు. అనుమతి లేనిదే అచ్చట నివాసమునకు పడవ కట్టరాదు. కావున పడవ కొనకముందే దానిని ఎచ్చట కట్టుదుమో నిశ్చయించుకొనవలెను.

రెండవది చట్టము. యంత్రముతో నడచు పడవలకు 1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో దేశాంతర్గత నౌకల చట్టము వచ్చినది. తనిఖీ, రిజిస్ట్రేషను, భీమా, యోగ్యతాపత్రము గల నావికుడు – ఇవియన్నియు ఖర్చులే. ఇవి వట్టి లాంఛనములని తలపరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో విహారనౌక మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి.

ఇక ధనము. ఇంటికిచ్చు అప్పునకు నేల పూచీ. నేల కుళ్ళదు, తుప్పు పట్టదు, తావు విడిచి పోదు. పడవ చరాస్తి, కొన్న మరునాటినుండి దాని వెల తగ్గుచుండును. కావున అప్పిచ్చువాడు హెచ్చు సొమ్ము ముందు పెట్టుమనును, గడువు కుదించును, వడ్డీ పెంచును. ఋణము తీసికొనువాని వయస్సును కూడ చూచును.

ఒక లెక్క చెప్పెదము. 20 లక్షల రూపాయలు నూటికి 10 వడ్డీతో పదియేండ్ల గడువున తీసికొన్నచో, నెలకు సుమారు 26,430 రూపాయల వాయిదా పడును. మొత్తము చెల్లించునది 31 లక్షల 71 వేలకు పైమాటే. పాత పింఛను నియమముల క్రింద నున్న కేంద్రోద్యోగి కడపటి మూలవేతనము 80,000 అనుకొందము. పింఛను 40,000. అందులో నూటికి 40 వంతులు కమ్యుటేషను చేసికొనవచ్చును. అట్లు చేసినచో చేతికి మూల పింఛను 24,000 వచ్చును. తగ్గిన భాగము తిరిగి కలియుటకు 15 ఏండ్లు పట్టును. 60వ ఏట విరమించినవానికి 75వ ఏట గాని అది రాదు.

ఆయన గతించినచో? కుటుంబ పింఛను మొదట కొంతకాలము హెచ్చుగా నుండినను, తరువాత కడపటి వేతనములో నూటికి 30 వంతులే, అనగా 24,000. కరవు భత్యము దీనికి తోడగు మాట నిజమే. అయినను వాయిదాయే 26,430 కదా! పింఛను తగ్గును గాని వాయిదా తగ్గదు. భర్త ముచ్చటపడి కొన్న పడవకు భార్య తన కూటిలోనుండి కిస్తులు కట్టవలసిన గతి పట్టరాదు. ఈ ప్రసంగమునకు సారమిదియే.

ఇల్లమ్మి పడవ కొనుట మూడవ మార్గము. ఇంగ్లండు కాలువలపై అట్లు నివసించు విశ్రాంతోద్యోగులు గలరు. కాని అచ్చటను నౌకకు లైసెన్సు రుసుము చెల్లింపవలెను. సొంత రేవు లేనివారు సాధారణముగా ఒక్కచోట 14 దినములకు మించి నిలువరాదని 1995 నాటి చట్టము. ఒళ్ళు సహకరించనినాడు నేలకు మరలుదమన్న, అమ్మిన యింటి ధర పెరిగియుండును, కొన్న పడవ ధర తరిగియుండును. మన దేశమున 2007–08 బడ్జెటులో ప్రకటింపబడిన తిరుగు తాకట్టు పద్ధతి వలన, సొంత యిల్లు గల 60 ఏండ్లు దాటినవారు ఆ యింటనే యుండి బ్యాంకునుండి సొమ్ము పొందవచ్చును. ఇల్లు పోయినచో ఆ ఆధారమును పోవును.

కావున మా సలహా యిది. ఇల్లమ్మకుడు, అద్దెకిండు. కొనుటకు ముందు వానకారున ఒక నెల, వేసవిలో ఒక నెల అద్దె పడవలో నుండి చూడుడు. వైద్యమునకును, నిత్య జీవనమునకును సరిపోవు సొమ్మును ముందు భద్రపరచుడు. 60 ఏండ్లు నిండినవారి పొదుపు పథకమున పరిమితిని 2023లో 15 లక్షలనుండి 30 లక్షలకు పెంచినారు. అటుపై మిగిలిన దానితోనే పడవ కొనుడు. చాలనిచో నలుగురు మిత్రులు కలిసి కొనుడు. అప్పు తప్పదన్నచో, దాని వాయిదా కుటుంబ పింఛనులో నాలుగవ వంతు మించనీయకుడు.

కడపటి మాట. ఋణపత్రములు మనచోట ఆంగ్లమునందో కన్నడమునందో యుండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన ఇల్లాండ్రు మన యిండ్లలో ననేకులు గలరు. జామీనుగా వారి చేవ్రాలు కోరుటకు ముందు, ప్రతి పుటను వారికి తెలుగున చదివి చెప్పించుడు. వారు సరేయన్న పిమ్మటనే చేవ్రాలు.