కంప్యూటరునందు మన తెలుగు

(మన సంఘపు వార్షిక సభయందు కంప్లిలో చేసిన ప్రసంగపాఠము)



కంప్యూటరును గురించి మాటలాడుమని సంఘమువారు మమ్ము కోరినప్పుడు, ఇది ఇంజనీరింగు చదివిన కుర్రవారు చెప్పదగిన విషయముగాని బియ్యము తూచుకొను వర్తకులు చెప్పవలసినది కాదని మనవి చేసితిమి. మేము మెట్రిక్కుతో బడి ముగించినవారము. మా అంగడిలోనికి కంప్యూటరు వచ్చినది కూడ మా యిష్టముచే గాదు. 2017 జూలై 1వ తేదీన జీయస్టీ అమలులోనికి వచ్చిన పిమ్మట చిట్టా, ఆవర్జా చేతితో వ్రాసికొని కూర్చుండుట సాగలేదు. కావున మేము చెప్పబోవునది శాస్త్రము కాదు. మాకు పనికివచ్చినవి, మా యింట నవ్వు పుట్టించినవి, ఒక పర్యాయము మా కంట నీరు తెప్పించినవి యగు కొన్ని సాఫ్టువేరులను గూర్చి మాత్రమే చెప్పెదము. ఈనాడు మేము వాడుచున్న వీనిలో దేనికిని ఒక్క రూపాయియైన చెల్లించుటలేదు.

కంటనీటి సంగతియే ముందు చెప్పెదము. మా మేనమామగారు ఆదవానిలో కాపురమున్నారు. ఆయన తన కష్టమును ఫోనులో నోరార చెప్పుకొను స్వభావము గలవారు కారు. గత శ్రావణమాసములో తనకు ఆపరేషను నిశ్చయమైనదనియు, దానికి ముందొకసారి చెల్లెలిని చూడవలెనని యున్నదనియు మా యింటి ఫోనునకు తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి పంపిరి. ఆ వారమంతయు మేము బేరముమీద గంగావతి, సింధనూరులలో తిరుగుచుంటిమి. మా తల్లిగారికి కంటిపొర వలన అక్షరము కనబడదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా కుమార్తెకు కన్ను చక్కగా కనబడును, తెలుగు చక్కగా మాటలాడును. కాని తెలుగక్షరము రాదు. తాతగారు పండుగ శుభాకాంక్షలు పంపియుందురని తలచి అవ్వా మనుమరాలూ ఊరకుండిరి. మేము తిరిగివచ్చి చదువునప్పటికి నాలుగు దినములు గడచినవి, ఆపరేషను ముగిసినది. దైవకృపచే ఆయన కోలుకొనిరి. కాని ‘నా అన్న నన్ను పిలిచినాడు, నేను పోలేదు’ అని మా తల్లిగారు ఇప్పటికిని అనుచుందురు.

సభవారు మన్నింపవలెను. ఇది మా యొక్క యింటి కథ మాత్రమే కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడిననాడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. నాడు హొసపేట తాలూకాలోనిదైన మన కంప్లి మైసూరు రాష్ట్రములో చేరినది. అందులో తప్పు పట్టవలసినది లేదు. కన్నడము మనకు అన్నము పెట్టుచున్న భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. కాని ఇంటిలో నలుగురున్నచోట ఈ పత్రికను చదువగలవారు ఇద్దరే యగుచున్నారు. మా యింటిలోనే అంతే. ఆ యిద్దరి తరువాత దీనిని తపాలాలో వేయుట యెవరికొరకు?

ఆ సంఘటన తరువాత మా కుమార్తెయే వెదకి ఒక పరికరమును పట్టుకొనినది. దాని పేరు అక్షరముఖ. వినోద్ రాజన్ గారు సిద్ధపరచినది. ఒక లిపిలోని వ్రాతను అందులో పెట్టి, మరియొక లిపిని కోరినచో, భాష మారక అక్షరములు మాత్రము మారును. మా కుమార్తె తాతగారి ఆ నాలుగు పంక్తులను అందులో పెట్టి, తెలుగునుండి కన్నడ లిపికి మార్చి, తడబాటు లేక చదివినది. చదివి, ‘అవ్వా, ఇవి మనము మాట్లాడే మాటలే కదా!’ అన్నది. ఇంతకాలము ఆ బిడ్డకు తెలుగు వ్రాత యనగా తాను మాటలాడునది కాక వేరొక భాష యని తోచినదని అప్పుడు తెలిసినది.

ఇది ఎట్లు సాధ్యమగుచున్నదని మేము ఒక యింజనీరు కుర్రవానిని అడిగితిమి. ఆతడు చెప్పినది వర్తకుల మాటలో చెప్పెదము. పూర్వము శేరు, మణుగు ఊరూరికి వేరు. 1956లో చట్టము చేసి 1958 నుండి మెట్రిక్ తూనికలు ప్రవేశపెట్టిన పిమ్మట కిలో యనగా దేశమంతట కిలోయే. అక్షరములకును అట్టి తూనిక యొకటి 1991లో ఏర్పడినది. దానినే యూనికోడ్ అందురు. అందులో ప్రతి లిపియందలి ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య గలదు. తెలుగు ‘అ’ సంఖ్య 3077. కన్నడ ‘అ’ సంఖ్య 3205. తెలుగు ‘క’ 3093. కన్నడ ‘క’ 3221. తీసివేసి చూడుడు: రెండుచోట్లను తేడా 128. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ అన్నియు ఈ వరుసలోనే యున్నవి. తెలుగు సంఖ్యకు 128 కలిపిన కన్నడము, కన్నడ సంఖ్యనుండి 128 తీసివేసిన తెలుగు. రెండు లిపులు ఒకే తల్లి బిడ్డలని పెద్దలు చెప్పగా వింటిమి గాని, వాని మధ్యనున్న దూరమును ఇట్లు లెక్కగట్టి చూచినది ఇదే మొదలు.

ఇక వ్రాయుట. తెలుగు తొలిసారి మా తెరమీద కనబడినది ఒక కన్నడ సాఫ్టువేరులో నన్న ఆశ్చర్యపడెదరు. శేషాద్రి వాసుగారు 1998లో కన్నడము కొరకు ‘బరహ’ను వెలువరించిరి, తరువాత అందులో తెలుగును కూడ చేర్చిరి. ఇప్పుడు మేము ఎక్కువగా వాడునది వీవెన్ గారి ‘లేఖిని’. ఆంగ్లాక్షరములతో కొట్టుచుండగా క్రింద తెలుగు వచ్చును. చిన్న ‘యల్’ లకారము, పెద్ద ‘యల్’ ళకారము. పెద్ద ‘యం’ సున్న. మొదటి దినములలో మేము మీట సరిగా నొత్తక మన జిల్లాను ‘బల్లారి’ యని వ్రాసి నలుగురిచేత నవ్వించుకొంటిమి. ఈ పద్ధతి అమెరికాలోని హూస్టను నగరమున రైసు విశ్వవిద్యాలయమందు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు తెలుగుకొరకు ఏర్పరచినది. రైసు అనగా మన సరకే యని సంతోషించితిమి. తీరా విచారింపగా అది ఆ విద్యాలయమునకు తన ధనమిచ్చిన వ్యక్తి యింటిపేరట. అయితే ఆయనయు వర్తకుడేనట, అంతవరకు మేలు.

పిల్లలకు మాత్రము ఇంతకన్న మంచి దారి యున్నది. ఇన్‌స్క్రిప్ట్ అను ప్రభుత్వపు మీటల వరుస విండోసు కంప్యూటరులలో ముందుగానే యుండును. దానిలో కన్నడ ‘క’ కొట్టు మీటయే తెలుగు ‘క’ కొట్టును. కన్నడము కొట్టుట నేర్చిన పిల్లవాడు తెలుగు కొట్టుటకు వేళ్ళకు క్రొత్తగా నేర్పవలసినది దాదాపు ఏమియు లేదు.

మన సంఘమునకు జరిగిన నష్టమును కూడ చెప్పవలసియున్నది. ఈ పత్రిక ప్రతులను అనేక సంవత్సరములు ఒక అచ్చుకూర్పు దుకాణమున ఏదో పాతరకపు ఫాంటులో కూర్పించితిమి. ఆ దుకాణము మూతపడినది. ఫైళ్ళను తెచ్చి మా కంప్యూటరులో తెరువగా ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు తప్ప ఒక్క తెలుగక్షరము లేదు. ఆ ఫాంటులు ఆంగ్లాక్షరముల చోట తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టిన వేషములు. ఫాంటు లేనిచో వేషము జారిపోవును. ఇంతకాలపు పెండ్లిండ్లు, మరణవార్తలు, చందాల లెక్కలు, బడి పిల్లల బహుమతులు అందులోనే యున్నవి. అదృష్టవశమున అచ్చుప్రతులు కొందరి యిండ్లలో మిగిలినవి. వాని ఫొటో తీసి గూగుల్ డ్రైవులో పెట్టి, పత్రముగా తెరువుమన్నచో, బొమ్మలోని తెలుగును చదివి అక్షరములుగా నిచ్చుచున్నది. టెసరాక్ట్ అను ఉచిత సాఫ్టువేరు కూడ ఈ పని చేయును. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. స్ఫుటమైన అచ్చును బాగుగా చదువును. మడత పడినచోట, సిరా పాకినచోట తప్పులు చేయును, ఒత్తులను మ్రింగును. చేతివ్రాతను మేము దానికి నమ్మి యీయము. ఒక మరణవార్తలో పోయినవారి పేరును తప్పుగా చదివి, బ్రదికియున్న వారి పేరుగా చేసినది! కావున మనుష్యుడు దగ్గర కూర్చుండి దిద్దవలెను.

వేడుక సంగతులు కొన్ని. సిలికానాంధ్రవారు ఉచితముగా అందించిన తెలుగు ఫాంటులలో ఒకటి శ్రీకృష్ణదేవరాయ. మరియు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ గలరు. హంపికి ఇంత చేరువనున్న మనకు, రాయలవారి సభ తిరిగి కంప్యూటరులో కొలువు తీరినట్లున్నది. మా గుమాస్తా పెండ్లిపిలుపును ఏ కవిచే వ్రాయింపవలెనని అడుగుచుండును. ఈసారి కట్నపు చదివింపుల జాబితాను తెనాలి రామకృష్ణునిచే వ్రాయించినాడు.

2017 ఆగస్టు నుండి గూగుల్ వారి ఫోను మీటలపలక తెలుగు మాటను విని వ్రాయుచున్నది. మా తల్లిగారికి ఇది కన్నులు తిరిగివచ్చినట్లయినది. ఆమె చెప్పును, ఫోను వ్రాయును, ఆదవానికి పోవును. మన బళ్ళారి యాస మాత్రము దానికి ఒక్కొక్కప్పుడు మ్రింగుడుపడదు. నడుమ కన్నడ మాట దొర్లినచో అది తనకు తోచిన తెలుగు మాట నేదో వ్రాసిపెట్టును. తరువాత ఆదవానినుండి అర్థమడుగుచు కబురు వచ్చును.

ఆంధ్రభారతి నిఘంటువును ప్రతి యింటను చూపదగును. ఒక్క మాట నిచ్చిన, అనేక నిఘంటువులలో దాని అర్థము చూపును. గుంటూరునుండి వచ్చిన మా చుట్టమొకరు ‘అంగడి’ యనుట కన్నడమని మమ్ము వెక్కిరించిరి. వెంటనే బ్రౌణ్య నిఘంటువును, శబ్దరత్నాకరమును తెరచి చూపితిమి. ఆయన కాఫీ త్రాగి ఊరకుండిరి.

పంచాంగము చూచుకొను పెద్దలకు పి. వి. ఆర్. నరసింహారావుగారి జగన్నాథ హోర ఉచితముగా లభించుచున్నది. రాజమండ్రికన్న కంప్లిలో సూర్యోదయము సుమారు 20 నిమిషములు ఆలస్యము. అచటి లెక్కతో అచ్చైన పంచాంగపు రాహుకాలమును మనము ఇచట పాటించుట, అచటి ధరకు ఇచట బియ్య మమ్ముట వంటిది. ఇందులో కంప్లి పేరుతోనే లెక్క వేసికొనవచ్చును.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్టుపై పనిచేయు పరికరములో మనము పెట్టిన కాగితము మన యిల్లు దాటి పోవుచున్నదని మరువరాదు. పద్దులు, బ్యాంకు కాగితములు, వీలునామాలు అట్టివానిలో పెట్టరాదు. అందుకే టెసరాక్టును గూర్చి వేరుగా చెప్పితిమి. ఉచితమన్న ప్రతిదానిని దింపుకొనుటయు ప్రమాదమే; తయారుచేసినవారి స్వంత చోటునుండియే తీసికొనవలెను.

కడపట మా ప్రతిపాదన. ఈ పత్రిక చివరి పుటను రెండు లిపులలో అచ్చువేయుదము: ఎడమ వైపున తెలుగు లిపి, కుడి వైపున అదే తెలుగు కన్నడ లిపిలో, పంక్తికి పంక్తి సరిగా. కార్యవర్గములో దీనిపై గట్టి వాదము జరిగినది. మాకు గురుతుల్యులైన పెద్దలొకరు లేచి, ‘నిచ్చెన వేసితిరి, సరియే. పిల్లవాడు పైకెక్కక నిచ్చెనమీదనే కూర్చుండినచో ఏమి చేయుదురు?’ అని అడిగిరి. ఆ భయము మాకును గలదు. కుడి వైపు చదివి ఎడమ వైపు చూడని పిల్లలుందురు. అయినను, నిచ్చెన లేనినాడు క్రిందనే నిలిచినవారిని మేము మా యింటిలోనే చూచితిమి. రెండు లిపులలో పెక్కు అక్షరములకు తలకట్టు ఒకటియే భేదము. క, త, శ, హ వంటి కొన్నింటిని మాత్రము నిదానించి చూడవలెను. మా కుమార్తె ఆ రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టుకొని 11 దినములలో తెలుగు చదువ నేర్చినది. ఒత్తులలో ఇంకను తొట్రుపడుచున్నది. పెద్దలవారి మాట మన్నించి, ఆరు మాసములు నడపి, పిమ్మట కుడి వైపును వారము వారము కొంత కొంత తగ్గించుటకు ఒప్పుకొంటిమి. ఎందరు నేర్చిరో నాడు లెక్క చూచి, ఉంచుటయో తీయుటయో సభయే నిర్ణయించును.

సంఘపు గదిలోని కంప్యూటరు ప్రతి ఆదివారము సాయంకాలము 4 గంటలనుండి 6 గంటలవరకు అందరికొరకు తెరచియుండును. తెలుగక్షరము రాని పిల్లలను, కనుచూపు తగ్గిన పెద్దలను కలిపి తీసికొనిరండు. ఫోనులలో చదువక నిలిచిపోయిన సందేశములు వెంట తెండు. పాత పత్రికలు గలవారు దయచేసి ఇచ్చినచో ఫొటో తీసికొని మరునాడే తిరిగి యిచ్చెదము. గది తాళపుచెవి మా అంగడిలో నుండును.