ఒక ఆజ్ఞ – వేయి పేర్లు

శిథిలమగుచున్న గ్రంథమును పుటపుటకు ఛాయాచిత్రము తీసి కంప్యూటరులో దాచినచో, కెమేరా ఆ ఫైళ్లకు అర్థములేని పేర్లు పెట్టును. వందల పేర్లను ఒక్కొక్కటిగా మార్చుట విసుగు పని. విసుగున్నచోట పొరపాటు తప్పదు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో ఆరంభమైన యూనిక్సు వ్యవస్థలో దీనికి ఉపాయము గలదు. నక్షత్రపు గుర్తు ఎన్ని అక్షరములకైనను, ప్రశ్నార్థకము ఒక్క అక్షరమునకును బదులు నిలుచును. అయితే పేరు మార్చు 'ఎం.వి.' ఆజ్ఞకు నక్షత్రము నిచ్చి అన్నియు ఒకేమారు మార్చబోయిన కుదరదు. ఆజ్ఞను చేరకముందే షెల్లు ఆ గుర్తును, ఉన్న ఫైళ్ల పేర్లుగా విప్పివేయును. డాస్ వ్యవస్థలోని 'రెన్' ఆజ్ఞయో, గుర్తును తానే చదువుకొనును. ఈ ఒక్క విషయమున అదియే నయము.

యూనిక్సులో ఆ లోటును లారీ వాల్ పెర్ల్ భాషలో వ్రాసిన 'రీనేమ్' తీర్చినది. పేరులో ఏది పోయి ఏది రావలెనో నమూనాగా చెప్పిన చాలును. 2వ పుటను 002గా వ్రాయింపవలెను. లేనిచో అక్షరక్రమమున 10వ పుట దానికి ముందు నిలుచును.

రెండు పుటలకు ఒకే పేరు పడినచో 'ఎం.వి.' సాధారణముగా అడుగకయే మొదటిదానిని చెరిపివేయును. మూలగ్రంథము చెదలపాలైన పిదప ఆ పుట మరి దొరకదు. కావున 'రీనేమ్'నకు ముందుగా చిన్న గీతతో 'ఎన్' చేర్చవలెను. అది ఏమియు మార్చక, మార్పబోవు పేర్లను మాత్రమే చూపును. ఆ జాబితాలో ఒక పేరు రెండుమార్లు కనబడినచో అచ్చటనే ఆగి నమూనాను దిద్దవలెను.