బండికి రెండవ సారథి



పూర్వము మన పల్లెలలో ఎడ్లబండి తోలిన పెద్దలకు ఒక సంగతి తెలిసియే యుండును. సంతనుండి రాత్రివేళ మరలివచ్చునపుడు బండివాడు పగ్గములను బండికి ముడివైచి, గడ్డిపై మేను వాల్చి నిద్రించెడివాడు. ఎద్దులు దారి యెఱిగినవి. చెఱువుగట్టు దాటి, మఱ్ఱిచెట్టు కడ మళ్ళి, తెల్లవాఱునప్పటికి అవి తమ కొట్టము ముందు నిలిచెడివి. బండివాడు కన్నులు నులుముకొనుచు దిగి, "రాత్రియంతయు బండి తోలి అలసితిని" అని యింటివారితో చెప్పెడివాడు.

నేటి కారులలో కొన్నిటికి ఇట్టి యెద్దుల తెలివి కొంత అబ్బినది. ఆ తెలివి యెంత, ఎంత కాదు, దానికి అలవాటుపడిన మనుష్యునకు ఏమగును అను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని. నేను బడిలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్నవాడను, యంత్రశాస్త్రజ్ఞుడను గాను. అయినను మా కుమారుడు కొన్న క్రొత్త కారును ఒక యేడాదిగా నేనును నడుపుచున్నాను. అందువలన గలిగిన అనుభవమును, చదివి తెలిసికొన్న దానిని కలిపి చెప్పెదను.

ముందుగా ఈ సహాయములు ఎట్టివో తెలిసికొందము. కారు ముందుభాగమున రాడారు అను పరికర మొకటి యుండును. అది కంటికి కానరాని తరంగములను ముందునకు పంపును. ఇప్పుడు నా మాటను మీ చెంతకు చేర్చుచున్న రేడియో తరంగముల జాతికి చెందినవే అవియును. కాని వాని పొడవు మిక్కిలి చిన్నది, సుమారు 4 మిల్లీమీటర్లు మాత్రమే. ముందుపోవు లారీకి తగిలి అవి మరలివచ్చును. తరంగము సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లారీ యెంత దూరమున నున్నదో యంత్రము గణించును. ముందరి అద్దమునకు వెనుక, పైభాగమున, కెమేరా యొకటి యుండును. అది రోడ్డుపైని తెల్లగీతలను, మనుష్యులను, వాహనములను గుర్తింప యత్నించును.

ఈ రెండు కన్నుల ఆధారమున కారు కొన్ని పనులు చేయును. మనము గంటకు 80 కిలోమీటర్ల వేగమును నిర్ణయించినచో ఆ వేగముననే పోవును. ముందు వాహనము అడ్డుపడినచో తానే తగ్గి, తగినంత యెడము విడిచి దానిని వెంబడించును. గీత దాటబోయినచో కూతపెట్టి హెచ్చరించును, లేదా స్టీరింగును మెల్లగా లోపలికి త్రిప్పును. ఢీకొనుట తప్పదని తోచినప్పుడు మనము త్రొక్కకున్నను బ్రేకు వేయును.

దీని చరిత్ర విచిత్రమైనది. వేగమును నిలకడగా నుంచు సాధనమును కల్పించిన వాడు అమెరికా దేశస్థుడగు రాల్ఫ్ టీటర్. ఆయన బాల్యముననే చూపు కోల్పోయిన అంధుడు. ఆయన న్యాయవాది కారు నడుపునపుడు తాను మాటలాడుచున్నంతసేపు వేగము తగ్గించి, ఎదుటివాని మాట వినునపుడు హెచ్చించెడివాడట. ఆ కుదుపులకు విసిగి టీటర్ ఈ సాధనమును తలపెట్టెనని చెప్పుదురు. 1950లో దానికి పేటెంటు లభించినది. 1958లో క్రైస్లర్ కారులలో అది విపణికి వచ్చినది. ముందరి వాహనమునుబట్టి తానే వేగము మార్చుకొను రాడారు విధము 1999లో మెర్సిడెస్ కారున చేరినది. మన దేశమున 2020, 2021 సంవత్సరములనుండి ఎమ్.జి., మహీంద్రా మొదలగు కంపెనీల కారులలో ఇవి కానవచ్చినవి. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుండి, అత్యవసరమున తానే బ్రేకు వేయు సాధనము లేని క్రొత్త కారును అమ్మరాదు.

ఎస్.ఏ.ఈ. అను ఇంజనీర్ల సంస్థ 2014లో ఈ యంత్రముల శక్తిని సున్న మొదలు అయిదు వఱకు మెట్లుగా విభజించినది. సున్న యనగా సర్వభారము మనుష్యునిదే. అయిదనగా మనుష్యుని ప్రమేయమే అక్కఱలేదు. మన బజారులో అమ్ముడుపోవు కారులు రెండవ మెట్టును దాటలేదు. రెండవ మెట్టున యంత్రము స్టీరింగును త్రిప్పును, వేగమును చూచును. కాని క్షణక్షణము రోడ్డును కనిపెట్టి యుండు బాధ్యత మాత్రము మనుష్యునిదే. ఈ యొక్క వాక్యమును మఱచుటయే సకలానర్థములకు మూలము.

ఇక నా యలవాటు సంగతి. విజయవాడనుండి హైదరాబాదు పోవు 65వ జాతీయ రహదారిపై మా కుమారుడు మొదటిసారి ఆ మీట నొక్కి, "నాన్నగారూ! ఇక కాలు తీసివేయండి, బండియే చూచుకొనును" అనెను. కాలు తీసితిని. గుండె మాత్రము గొంతులోనికి వచ్చినది. ముందు లారీ దగ్గఱకు వచ్చుకొలది నా పాదము లేని బ్రేకును వెదకినట్లు నేలను నొక్కుచుండెను. బండి తానే తగ్గినది. నాకు చెమటలు పట్టినవి.

భయము తీఱిన తరువాత కోపము వచ్చినది. ఆటో ప్రక్కగా వచ్చిన కూత; గేదె తల యెత్తిన కూత; గుంట తప్పించుటకు గీత దాటిన స్టీరింగు నా చేతితో పెనగులాట. శిష్యుని తప్పు లెన్నుటయే వృత్తిగా బ్రతికిన నాకు, నా తప్పు లెన్ను గురువు ఒకడు దాపురించినట్లుండెను. ఇండికేటరు వేసి గీత దాటినచో అది యూరకుండునని తెలిసికొనుటకు ఒక నెల పట్టినది. ఇండికేటరు వేయకపోవుట నా తప్పే యని యొప్పుకొనుటకు మఱియొక నెల పట్టినది.

అటుపిమ్మట సుఖము కలిగినది. నాలుగు గంటల ప్రయాణము చేసినను మోకాలు నొప్పి పెట్టలేదు. ఆ సుఖమే నన్ను మోసగించినది.

గడచిన చెఱకు కాలమున ఉయ్యూరు ప్రాంతమున ఒక శుభకార్యమునకు పోవలసి వచ్చెను. క్రొత్త కారు మా కుమారుడు కొనిపోయినందున తమ్ముని పాత కారు తీసికొంటిని. ప్రక్కన మా గృహిణి కూర్చుండెను. సాయంకాలము, నీరెండ. ముందు చెఱకు వేసికొని పోవు ట్రాక్టరు ఒకటి కనబడెను. నేను దానిని చూచితిని. చూడలేదని చెప్పుటకు వీలులేదు. యాక్సిలరేటరు మీదినుండి కాలు తీసితిని. కాని ఆ కాలు బ్రేకు మీదికి పోలేదు. నేలపై నిలిచి యెదురుచూచుచుండెను. దేనికొఱకు? ఆ పాత బండిలో లేని యంత్రము వచ్చి బ్రేకు వేయుటకు! "ఏమండీ! బండి! ముందు బండి!" అని మా గృహిణి కేకవైచినది. అప్పుడు త్రొక్కితిని. చెఱకు గడల కొనలు అద్దమును గీచుచుండగా కారు ఆగినది.

ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని మన ఊళ్ళలో చెఱకు ట్రాక్టరు వెంట గడలు లాగుకొనుటకు పిల్లలు పరుగెత్తుట మీ రెఱుగుదురు. ఆనాడును ఒక బాలుడు గడ లాగుకొని, నేను బ్రేకు వేయుటకు కొంచెము ముందుగా ప్రక్కకు దుమికెను. నన్ను చూచి నవ్వెను కూడ. నా జీవితమంతయు అంత వయసు పిల్లల నడుమ గడపితిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇది నా ముసలితనపు మఱపేమో యని మొదట తలచితిని. విచారింపగా ఇది మనుష్యస్వభావమని తెలిసినది. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష ప్రకటించెను. అంకెలు లేని గడియారము వంటి దానిపై ముల్లు ఒక్కొక్క అడుగుగా కదలుచుండును. అరుదుగా మాత్రము రెండడుగులు ఒక్కమారు దుముకును. దానిని కనిపెట్టి చెప్పుటయే పని. ఆరోగ్యవంతులగు యువకులును మొదటి అరగంట గడచునప్పటికి ఎక్కువ తప్పులు చేయసాగిరి. ఏమియు జరుగనిచోట ఊరక కాచుకొని యుండుట మనుష్యునకు మిక్కిలి కష్టము. 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జి అను విదుషీమణి ఈ విషయమునే మఱింత లోతుగా విమర్శించినది. సులభమైన పనిని యంత్రమునకిచ్చి, కష్టమైన క్షణమును మనుష్యునకు విడిచితిమి. ఆ క్షణమునకు వలయు నేర్పు మాత్రము వాడుక లేక వానికి తగ్గిపోవుచున్నది అని ఆమె వాదసారము. నా కాలు నేలపై నిలుచుట ఇదియే కాదా?

విరాటపర్వ కథ మీకు తెలిసినదే. మొదట ఉత్తరుడు రథికుడు, బృహన్నల సారథి. ఉత్తరుడు భయపడి పాఱిపోగా అర్జునుడు వానిని పట్టి తెచ్చి, ధైర్యము చెప్పి, తాను విల్లు పట్టి, పగ్గములు వాని కిచ్చెను. ఎవరు సారథియో, ఎవరు యోధుడో ఆ క్షణముననే తేటపడినది. కారులో అట్టి స్పష్టత లేదు. గీతలు చెరగినచోట స్టీరింగు సహాయము విడిచిపోవును. సూచనగా చిన్న బొమ్మ రంగు మాఱును, లేదా ఒక కూత వినబడును. సంభాషణలో మునిగిన వానికి అది తెలియదు. సారథి దిగిపోయెను, రథము పోవుచున్నది.

2016 మే 7వ తేదీన అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఇట్టి సహాయముతో పోవుచున్న ఒక కారు, రోడ్డునకు అడ్డముగా మళ్ళుచున్న పెద్ద ట్రక్కు క్రిందికి దూసికొనిపోయినది. యంత్రమును బ్రేకు వేయలేదు, మనుష్యుడును వేయలేదు. అతడు మరణించెను. ట్రక్కు దారి యీయకపోవుట ఒక కారణమనియు, కారులోని వాడు యంత్రమును అతిగా నమ్మి రోడ్డును మఱచుట మఱియొక కారణమనియు, అట్లు మఱచుటకు యంత్రపు ఏర్పాటే అవకాశ మిచ్చెననియు 2017లో ఆ దేశపు రవాణా భద్రతా మండలి నిర్ణయించినది.

మన రోడ్లు ఆ యంత్రమునకు మఱింత కఠిన పరీక్ష. పల్లె రోడ్డున గీత లుండవు. దీపములేని బండ్లు, ఎదురు దిక్కున వచ్చు ట్రాక్టర్లు, నడిరోడ్డున ఆరబోసిన ధాన్యము, దాని చుట్టు పేర్చిన రాళ్ళు మన కున్నవి. మంచు, జడివాన, అద్దముపై బురద, కెదురుగా దిగు సూర్యుడు కెమేరా కంటిని కప్పివేయును. వేగముగా పోవునపుడు నిలిచియున్న వాహనమును యంత్రము గుర్తింపలేకపోవచ్చునని తయారుచేసినవారే కారుతో ఇచ్చు పుస్తకములలో వ్రాయుచున్నారు. ఆ పుస్తకము సాధారణముగా అరలో కాగితపు సంచి విప్పకయే పడియుండును. కారు విడిచిన యెడములోనికి మోటారు సైకిలు దూరగా, అది గభాలున బ్రేకు వేయుటయు, వెనుకవాడు వచ్చి తగులుటయు కలదు.

అట్లని ఈ యంత్రములు వలదని నేను చెప్పను. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ఒక మధ్యరకపు పట్టణము ఖాళీయగుటకు అది సమానము. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనునకు 25 మీటర్లు దాటును. డ్రైవరు రెండు సెకనులు కన్ను మూసినచో 50 మీటర్లు చూపు లేక పోయినట్లే. ఆ రెండు సెకనులు కాచు రెండవ కన్ను ఉండుట మేలే. కాని అది రెండవ కన్నుగా నుండవలెను గాని, మొదటి కన్ను మూయుటకు సాకు కారాదు.

కావున మీ కుమారులు, మనుమలు ఇట్టి కారు తెచ్చినచో ఆ పుస్తకమును ముందు చదివించుడు. అది యేమి చేయజాలదో మీకు వివరింపుమని అడుగుడు. వివరింపలేనివాడు ఆ మీట నొక్కుటకు తగడు. ఊరిలోనికి రాగానే, వాన పడగానే, దానిని ఆపి చేతితోను కాలితోను నడుపుమనుడు. వారమున కొకనాడైన సహాయము లేక నడుపుట మంచిది. నేను ఇప్పుడు అట్లే చేయుచున్నాను. పాత బండి యెక్కినపుడు, బయలుదేరుటకు పూర్వము, "ఇందులో నే నొక్కడనే" అని పైకి చెప్పుకొందును. మా గృహిణి నవ్వును, నవ్విన నవ్వుగాక. ప్రక్కన కూర్చుండిన పెద్దలును కునుకు తీయక దారిని చూచుట మేలు. ఆనాడు నన్ను కాపాడినది రాడారు కాదు, ఆమె కంఠము.

గ్రామపెద్దలుగా మనము చేయదగిన పనియు కలదు. బండ్లకును ట్రాక్టరు ట్రాలీలకును వెనుక వెలుతురునకు మెఱయు పట్టీలు అంటింపుడు. ధాన్యమును రోడ్డుపై ఆరబోయనీయకుడు. చెఱకు ట్రాక్టరు వెంట పరుగెత్తు పిల్లలను మందలింపుడు. మీ కంటికి కనబడనిది యంత్రపు కంటికిని కనబడకపోవచ్చును.

చివరకు మరల ఎద్దులను తలచుకొందము. బండివాడు నిద్రించినను ఎద్దులు నూతిలో దిగవు. వానికి ప్రాణభయము కలదు. యంత్రమునకు ప్రాణము లేదు, భయమును లేదు. బండిలో భయపడదగినవాడు మన మొక్కరమే. కాబట్టి మేలుకొని యుండవలసినవారమును మనమే.