వీడియో లేని బండి

(గురుబరపల్లి యవ్వనస్తుల కూడికలో చేసిన ప్రసంగం)



గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ వంటలు మీరు చూసే ఉంటారు. నూరేళ్లు దాటిన అవ్వ కట్టెల పొయ్యి మీద వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కూలికి పోయి, బీడీలు చుట్టి బతికిన మనిషి. 2020లో బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. ఇటువంటి ముఖాలను సినిమావాళ్లు వెతుక్కుంటూ రావడం అరుదు. కాబట్టి మాకు సంతోషమే. ఫోను పాపమని చెప్పడానికి మేము ఇక్కడ నిలబడలేదు.

అయితే హైదరాబాదు కుమారి ఆంటీ సంగతి కొంచెం ఆలోచించండి. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే తల్లి. 'రెండు లివర్లు ఎక్స్‌ట్రా' అన్న ఒక్క మాటతో అందరికీ తెలిసిపోయింది. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరి చివర్లో పోలీసులు బండి తీయించారు. గగ్గోలు లేచింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలుగజేసుకుని, అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. మంచిదే. మరి వీడియో లేని బండి తీయిస్తే ఏ ముఖ్యమంత్రికి తెలుస్తుంది?

మాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాము. మామిడిపళ్లు అమ్మే ఒక అమ్మ గిరాకీతో గొడవపడుతుంటే మన పిల్లవాడొకడు వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము, దాచడమెందుకు. తర్వాత ఆమె కనిపించి, "నన్నొక మాట అడిగి తీసుండొచ్చు కదా అయ్యగారూ" అంది. ఆ వారమే ఆమె గంపను ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి లేపేశారట. ఆ సంగతి మన గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

యెరికో దారి పక్కన బర్తిమయి కేకలు వేస్తే ఊరుకోమని గద్దించింది ఎవరు? యేసు వెంట నడుస్తున్న జనమే. ప్రభువు ఆగాడు, పిలిపించాడు, నీకేమి కావాలని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో తెలియదా ఆయనకు? అయినా అడిగాడు.

పట్టణాల్లో వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే జరిపి సర్టిఫికెట్ ఇచ్చేదాకా, ఉన్నవాళ్లను లేపకూడదు. ఇంకో చోటికి మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు స్త్రీలు. ఇది దయ కాదు, హక్కు. వ్యూస్‌తో పని లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కృష్ణగిరి వెళ్తున్నాము. తమిళం బాగా చదవగలిగినవాళ్లు తప్పక రండి, కాగితాలన్నీ తమిళంలోనే ఉంటాయి. ఫోన్లు తెచ్చుకోవచ్చు. ముందు ఆ అమ్మకు క్షమాపణ చెప్పాలి. ఆ తర్వాత, నీకేమి కావాలమ్మా అని అడుగుదాము.